పాత చప్టా, కొత్త స్నానాల గది

వృద్ధ గౌతమి ఒడ్డున ఉన్న మురమళ్ళలో వీరేశ్వరస్వామివారికి ప్రతిదినమూ కల్యాణం జరుగుతుంది. పెళ్ళి కావలసినవారు ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఆ కల్యాణం చేయించుకొని పోతారు. అటువంటి ఊళ్ళో చుట్టపక్కాల రాకపోకలు ఎక్కువ. వచ్చినవారికి ఇంటివారు ముందుగా చూపవలసింది కాళ్ళు కడుక్కొనే చోటు, స్నానం చేసే చోటు. అందుచేత పాత ఇల్లు బాగుచేయించ తలపెట్టిన గృహస్థు చూపు మొదట స్నానాల గది మీదనే పడితే అందులో ఆశ్చర్యం లేదు.

గోడలకు పింగాణీ పలకలు అతికించడం, కొళాయిలు మార్చడం, పైన తుంపర్ల షవరు పెట్టడం - వీటి విషయంలో ఇంటిల్లపాదిదీ ఒకే మాట. చిక్కంతా నేల దగ్గర వస్తుంది. తాతగారి కాలంలో వేసిన చప్టాను ఉంచవలెనా, పగులగొట్టవలెనా? పగులగొట్టమనేది కుర్రవారు. గట్టిగా ఉన్నదాన్ని ఎందుకు పాడుచేస్తారనేది పెద్దవారు. తాపీ మేస్త్రీ ఇరుపక్షాల వంకా తల ఊపి, కొత్తగా వేస్తేనే తాను పూచీ పడతానంటాడు. ఆయన మాటలో నిజమూ ఉన్నది, కూలి ఆశా ఉన్నది.

కోనసీమ పాత లోగిళ్ళలో స్నానం నూతి దగ్గరనే. ఇటుక ముక్కలు పరచి, దిమ్మిసతో కొట్టి, గానుగలో నూరిన సున్నానికి ఇటుకపొడి చేర్చి గచ్చు చేసి, పైన నాపరాళ్ళు పరచేవారు. సున్నంలో కరక్కాయ నీళ్ళు, బెల్లపు నీళ్ళు కలపడమూ ఉండేది. ఇటుకపొడి కలిసిన సున్నం తడిలో కూడా గట్టిపడుతుంది. ఈ కిటుకు ప్రాచీన రోమనులకూ తెలుసు. నీటి తొట్లకు, స్నానశాలల నేలలకు వారు వాడినది ఇటువంటి గచ్చే. చప్టా మీద పోసుకొన్న నీరు తూము గుండా అరటి పాదులోకో, కొబ్బరి మొదట్లోకో పోయేది. నాలుగు చుక్కలు కిందికి ఇంకినా ఎవరికీ నష్టం లేదు. పక్కన గోడ ఉంటే గదా! తరువాతి తరంవారు ఆ చప్టా చుట్టూ గోడలు లేపి, దాన్ని ఇంటికి కలిపి, గది అన్నారు. చిక్కు పుట్టింది అప్పుడే.

పైకి కనిపించే రాయి నీటిని పూర్తిగా ఆపలేదు. అతుకులలోంచి నీరు దిగుతూనే ఉంటుంది. ఆపవలసింది దాని కింది పొర. 1925-26 తవ్వకాలలో బయటపడిన మొహెంజొదారో మహాస్నానవాటిక సుమారు 40 అడుగుల పొడవు, 23 అడుగుల వెడల్పు, 8 అడుగుల లోతు గలది. దాని ఇటుకలను జిప్సం గచ్చుతో బిగించి, వెనుక నేలతారు పూత వేశారు. నాలుగువేల ఏళ్ళకు పైబడిన ఆ పూత చేసిన పనినే, అమెరికా ఇళ్ళలో ఒకప్పుడు పలకల కింద పరచిన సీసపు రేకు చేసింది. ఇప్పుడు ప్లాస్టిక్ పొర చేస్తున్నది.

కనుక చప్టాను వయస్సు అడిగి లాభం లేదు. దానికి పరీక్ష పెట్టవలె. సాయంకాలం తూములో గుడ్డ, బంకమట్టి కుక్కి, గుమ్మం దగ్గర చిన్న మట్టి గట్టు వేసి, రెండంగుళాల ఎత్తు నీరు నిలిపి, గోడ మీద బొగ్గుతో గీత గీయవలె. పక్కనే నిలువు అంచుల గిన్నెలో నీరు పోసి దానికీ ఒక గీత పెట్టవలె. 24 గంటలు గడిచాక రెండు గీతలూ చూస్తే చాలు. గిన్నెలో తగ్గినది గాలికి ఆవిరైన నీరు. చప్టా మీద అంతకంటె ఎక్కువ తగ్గితే, ఆ ఎక్కువ తగ్గినది కిందికో గోడలోకో పోయిన నీరు. బడిపిల్లలు చేయదగిన ప్రయోగం ఇది, పెద్దలెవ్వరూ చేయరు.

కోనసీమలో మరొక మెలిక ఉన్నది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, కాలువలు సాగిన తరువాత ఈ నేల తడి ఎరుగని రోజులు తక్కువ. వత్తి నూనెను పీల్చినట్లు ఇటుక ఆ తడిని పైకి పీలుస్తుంది. అట్టి చెమ్మను చూచి చప్టాను దండించడం అన్యాయం. ఇంటి గోడలన్నిటికీ ఒకే ఎత్తున చెమ్మ ఉంటే అది నేలది. స్నానాల గది గోడకే ఉండి, తెల్లని ఉప్పుపొడి అక్కడే రాలుతుంటే చప్టాను శంకించవచ్చును. వేసవిలో కాలువలు కట్టివేసిన రోజులలో మరొకసారి చూడడం మంచిది: మిగిలిన గోడలు ఆరి, ఆ ఒక్క గోడ ఆరకపోతే సందేహం చాలావరకు తీరుతుంది.

తప్పు నిర్ణయం ఖరీదైనదే. చెమ్మ తగిలిన ద్వారబంధానికి చెద పడుతుంది. సున్నం రాలి ఇటుక పొడిబారుతుంది. మేడ మీది గది అయితే కాంక్రీటులోని ఇనుము తుప్పుపట్టి ఉబ్బి, కింది గది కప్పు పెచ్చులూడుతుంది. మేడ మీద అనుమానం ఉంటే చప్టా తీసివేయవలసిందే. అక్కడ ఉపేక్ష పనికిరాదు.

నేల మీది చప్టా పరీక్షకు నిలిచి, రాళ్ళు కదలక, కర్రతో తట్టినపుడు డొల్ల మోత వినిపించకపోతే దాన్ని ఉంచి, అతుకులు మాత్రం శుభ్రపరచి సున్నంతో నింపించడం ఉత్తమం. గరుకు తేరిన ఆ రాతి మీద ముసలివారి కాలు జారదు. నునుపు పలక మీద జారిపడి తుంటి ఎముక విరిగినవారి బాధ చూచినవారు ఈ మాటను తేలికగా తీసుకోరు. అయితే గోడలను ఇటుక దాకా చెక్కించి కొత్తగా కట్టిస్తున్నప్పుడు, లేదా తూము చోటు మారుస్తున్నప్పుడు పాతదాన్ని పట్టుకొని వేళ్ళాడరాదు. నీరు ఎక్కువగా దిగేది గోడా నేలా కలిసే మూలలోనే. కొత్త గోడకు పాత నేల అతకదు. ఇక పాత చప్టా మీదనే పలకలు పరిపించడం అన్నిటికంటె చెడ్డ పని. నేల ఎత్తు పెరిగి, గుమ్మానికీ దానికీ తేడా పోయి, నీరు పడకగదిలోకి నడుస్తుంది.

కొత్తగా వేయించేవారు తూము వైపు అడుగుకు పావు అంగుళం వాలు అడిగి పెట్టించుకోవలె. నీరాపే పొరను గోడ మీదికి జానెడు ఎక్కించమనవలె. పలకలు అతికించక ముందే తూము మూసి, నీరు నిలిపి, మళ్ళీ బొగ్గు గీత గీసి, మరునాడు ఆ గీత చూచిన తరువాతనే మేస్త్రీకి మిగిలిన కూలి ఇవ్వవలె. తీసిన నాపరాళ్ళు అరటి పాదు పక్కన బట్టలుతికే బండగా పనికివస్తాయి.