ఎవరి కంచంలో ఎంత?

అమ్మడూ, పొద్దున్నే గంటసేపు నడుస్తాను, రోజంతా చురుగ్గానే ఉంటాను, నాలాంటిదానికి రోజుకి ఎన్ని కేలరీలు కావాలి తాతయ్యా అని అడిగావు. ఒక అంకె చెప్పేసి ఫోను పెట్టెయ్యడం తేలికే. కానీ అది ఎలా పుట్టిందో తెలిస్తేనే దాన్ని ఎంతవరకు నమ్మాలో, నీకు ఎంతవరకు సరిపోతుందో తెలుస్తుంది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను, నువ్వూ తీరిగ్గా చదువు.

ముందు ఏ పనీ చెయ్యని మనిషి సంగతి చూద్దాం. తిన్నది అరిగిపోయింది. గది మరీ చల్లగానూ లేదు, ఉక్కగానూ లేదు. మెలకువగానే ఉండి, కాలూ చెయ్యీ కదపకుండా పడుకుంది. అప్పుడైనా ఒంట్లో పని ఆగుతుందా? గుండె కొట్టుకుంటూనే ఉండాలి, మూత్రపిండాలు రక్తాన్ని వడగడుతూనే ఉండాలి. ఒంటి బరువులో రెండు శాతం మాత్రమే ఉండే మెదడు ఈ ఖర్చులో అయిదో వంతు తనే లాగేసుకుంటుంది. దానికి కాలేయం, గుండె, మూత్రపిండాలు కలిపితే సగానికి పైగా వీటికే పోతుంది. యాభై అయిదు కిలోల బరువున్న ఆడపిల్లకి ఈ పడక ఖర్చు రోజుకి సుమారు 1180 కేలరీలు. మనం తిండి విషయంలో కేలరీ అనేది కిలో నీళ్లని ఒక డిగ్రీ వేడెక్కించడానికి పట్టే వేడి. ఆ లెక్కన 1180 కేలరీలతో ఒక బిందెడు మామూలు నీళ్లని మరుగు వచ్చేదాకా కాచొచ్చు. ఊరికే పడుకున్న మనిషి ఒంట్లో రోజూ అంత వేడి పుడుతోందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

పనిని బట్టి ఈ పడక ఖర్చుని హెచ్చవేస్తారు. హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు మీద పరిశోధనతో పుట్టి తరవాత హైదరాబాదుకి వచ్చింది. 2020లో వాళ్లు సవరించి ఇచ్చిన లెక్కలో, కూర్చుని చేసే పనైతే పడక ఖర్చుని 1.4తో, ఒక మోస్తరు శ్రమైతే 1.8తో, కాయకష్టమైతే 2.3తో గుణించారు. యాభై అయిదు కిలోల ఆడమనిషికి అలా వచ్చినవి 1660, 2130, 2720. అరవై అయిదు కిలోల మగమనిషికి 2110, 2710, 3470.

నువ్వు వెంటనే 2130 దగ్గర వేలు పెట్టి ఉంటావు. అక్కడే కాస్త ఆగు. ఈ ఒక మోస్తరు శ్రమ అన్న వరసలో మన శాస్త్రవేత్తలు చాలాకాలంగా ఎవరిని పెడుతూ వచ్చారో తెలుసా? నేతపనివాళ్లు, వడ్రంగులు, కుమ్మరులు, వ్యవసాయ కూలీలు. రాళ్లు కొట్టేవాళ్లు, కమ్మరులు, గనుల్లో దిగేవాళ్లు దానికి పైన కాయకష్టం వరసలో ఉన్నారు. అంటే మగ్గం గుంటలో కూర్చుని పొద్దస్తమానం కాళ్లతో తొక్కుతూ చేత్తో నాడె విసిరే మనిషి శ్రమ ఒక మోస్తరన్నమాట. మోకాటి లోతు బురదలో నడుం వంచి నాట్లు వేసే ఆడకూలీదీ అంతే. మనం చురుకు అనుకునే దానికీ వాళ్ల చురుకుకీ చాలా దూరం ఉంది తల్లీ.

నీ రోజునే లెక్క కడదాం. పడక ఖర్చు గంటకి 49 కేలరీలు. ఎనిమిది గంటల నిద్రకి 395. ఆఫీసులో కంప్యూటరు ముందు తొమ్మిది గంటలు, దానికి ఒకటిన్నర రెట్లు వేసుకుంటే 665. గబగబా నడిచే ఆ గంట నాలుగు రెట్లు, దాదాపు 200. మిగిలిన ఆరు గంటల్లో స్నానం, వంట, మెట్రోలో నిలబడటం, తినడం, కబుర్లు అన్నీ కలిపి సగటున రెండు రెట్లు, 590. మొత్తం 1850 అయింది. ఇదీ నీ అంకె. 1660కి పైన, 2130కి చాలా కింద. మీ అన్నయ్య కూడా ఇలాంటి రోజే గడిపితే, ఒళ్లు పెద్దది కాబట్టి, వాడికి 2350 దాకా పడుతుంది.

ఆ నడక మానేసి ఆ గంట కూడా కుర్చీలోనే గడిపావనుకో, తగ్గేది 120 కేలరీలు. బాణలిలో ఒక పెద్ద చెంచాడు నూనె ఎక్కువ పడితే వచ్చేవీ అవే 120. ఇది విని నడక మానకు. గుండెకీ, ఎముకకీ, నిద్రకీ, రక్తంలో చక్కెర అదుపులో ఉండటానికీ నడక చేసే మేలు కేలరీల్లో కొలిచేది కాదు. నడిచాను కదా అని ఇంకో రెండు పూరీలు వేసుకోకు, అంతే నేను చెప్పేది.

ఇదంతా కాగితం మీద లెక్క, అసలు మనిషి ఎంత ఖర్చు పెడుతున్నాడో ఎలా తెలుస్తుంది అని నీకు అనుమానం రావాలి. 1890ల్లో అమెరికాలో, కనెక్టికట్ రాష్ట్రంలో, అట్వాటర్ అనే ఆయన ఒక గదే కట్టించాడు. అందులో మనిషిని రోజుల తరబడి ఉంచి, గొట్టాల్లో పారే నీళ్లు ఎంత వేడెక్కాయో చూసి అతని ఒంట్లో పుట్టిన వేడిని కొలిచాడు. పిండిపదార్థం, మాంసకృత్తులు గ్రాముకి నాలుగు, కొవ్వు గ్రాముకి తొమ్మిది అని ఈనాటికీ ప్రతి బిస్కట్ పొట్లం వెనకా వాడే లెక్క ఆయన ఇచ్చిందే.

గదిలో ఉన్న మనిషి నాట్లు వెయ్యలేడు కదా. దానికి ఇంకో చక్కటి ఉపాయం ఉంది. హైడ్రోజన్లోనూ ఆక్సిజన్లోనూ మామూలు వాటికంటే బరువైన రకాలుంటాయి. హాని చెయ్యని ఆ రకాలతో తయారైన నీళ్లు కాసిని తాగించి, మనిషిని తన పనికి తనని వదిలేస్తారు. ఆ హైడ్రోజన్ మూత్రంలో, చెమటలో, అంటే నీటి రూపంలోనే బయటికి పోతుంది. ఆక్సిజన్ నీటితోనూ పోతుంది, వదిలిన ఊపిరిలో బొగ్గుపులుసు వాయువుగానూ పోతుంది. వారం రెండు వారాల పాటు మూత్రం పరీక్షిస్తూ ఈ రెండూ ఎంత వేగంగా తగ్గుతున్నాయో చూసి తేడా కడితే, ఎంత బొగ్గుపులుసు వాయువు వదిలాడో, ఎంత ఇంధనం మండించాడో తేలిపోతుంది. నాథన్ లిఫ్సన్ 1955లో ఎలుకల మీద చూపించిన ఈ పద్ధతి 1980ల్లో మనుషుల దాకా వచ్చింది.

దీనితో తేలిన రెండు సంగతులు నీకు పనికొస్తాయి. టాంజానియాలో వేటాడి, దుంపలు తవ్వుకుని బతికే హాడ్జా జాతివాళ్లని హెర్మన్ పాంట్జర్ బృందం పరీక్షించి 2012లో ఫలితం ప్రకటించింది. రోజంతా తిరిగే వాళ్ల ఖర్చు, ఒంటి పరిమాణం తేడా సరిచేసి చూస్తే, అమెరికా, ఐరోపాల్లో ఉండేవాళ్ల ఖర్చుకి దగ్గరగానే ఉంది! ఎందుకన్నదాని మీద వాదనలు నడుస్తున్నాయి. ఎక్కువ శ్రమ పడే ఒళ్లు లోపల ఇంకెక్కడో పొదుపు చేసుకుంటుందని పాంట్జర్ అంటాడు. కాబట్టి నేను పైన కట్టిన గుణకారం సగటు మనిషిదే. నెలకోసారి తూకం చూసుకో. బరువు నిలకడగా ఉండి, ఓపిక ఉండి, నెలసరి వేళకి వస్తుంటే నీ తిండి నీకు సరిపోతున్నట్టే. రెండో సంగతి, ముప్పై దాటాక ఒళ్లు ఖర్చు పెట్టడం మానేస్తుందని మీ స్నేహితురాళ్లు అనుకుంటారే, అది నిజం కాదు. ఇరవై తొమ్మిది దేశాల్లో ఆరు వేల పైచిలుకు మనుషుల కొలతలు కలిపి 2021లో చూస్తే, ఒంటి బరువు సరిచేశాక, ఇరవై నుంచి అరవై ఏళ్ల దాకా ఈ ఖర్చు నిలకడగానే ఉంది. 

ఇక నువ్వు ఫోనులో చూపించిన ఆ పన్నెండు వందల కేలరీల డైట్ చార్టు సంగతి. పైన చెప్పిన పడక ఖర్చు ఎంత? 1180. మంచం దిగకుండా పడుకున్న మనిషికి సరిపోయే తిండి తిని తొమ్మిది గంటలు ఆఫీసు చెయ్యమంటోంది ఆ చార్టు. 1944 నవంబరులో అమెరికాలోని మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ అనే ఆయన ముప్పై ఆరుమంది ఆరోగ్యవంతులైన కుర్రాళ్లతో ఒక పరీక్ష మొదలుపెట్టాడు. యుద్ధంలో ఆకలితో చిక్కిపోయినవాళ్లని మళ్లీ ఎలా కోలుకునేట్టు చెయ్యాలో తెలుసుకోడానికి వాళ్లంతట వాళ్లే ముందుకొచ్చారు. కొన్ని వారాలు మామూలుగా తిననిచ్చి, తరవాత ఇరవై నాలుగు వారాలు రోజుకి సుమారు 1570 కేలరీలు మాత్రమే పెట్టారు. ఒంటి బరువులో నాలుగో వంతు పోయింది. నాడి నెమ్మదించింది, చలి వేసేది, నీరసం, చిరాకు, ఎంతసేపూ తిండి ధ్యాసే. ఒళ్లు పొదుపులో పడినప్పుడు ముందు కోసేది మన ఉత్సాహాన్నే. డాక్టరు చూస్తూ చేయించే పథ్యం వేరు, నీ అంతట నువ్వు ఇది చెయ్యకు.

కంచం సంగతీ చెప్తాను. 2024లో పోషకాహార సంస్థ 2000 కేలరీలకి ఒక రోజు తిండి నమూనా ఇచ్చింది. వండకముందు తూకం వేస్తే బియ్యం, గోధుమ, జొన్న, రాగి అన్నీ కలిపి 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు, ఆకుకూరలు 400, పండ్లు 100, పల్లీలు, నువ్వుల్లాంటివి 35, నూనె 27, పాలూ పెరుగూ 300 మిల్లీలీటర్లు. నీకు ఇందులోంచి ధాన్యం కాస్త తగ్గిస్తే చాలు. మన ఇళ్లలో కంచం చూడు, అన్నం కొండంత, పప్పు గరిటెడు, కూర అంచుకి. కేలరీలు నిండుతాయి, మిగతావి నిండవు.

నన్ను నిజంగా బాధపెట్టేది ఇంకొకటుంది. మన ఇళ్లలో వడ్డన శ్రమని చూసి జరగదు. 2110 చాలే మగవాడికి ముందు వేడిగా, కొసరి కొసరి వడ్డిస్తారు. నాటు వేసొచ్చి, వండి, అందరికీ పెట్టి, ఆఖరున గిన్నె అడుగున మిగిలింది తినే ఆడమనిషికి కావలసింది 2130, ఆయనకంటే తక్కువేం కాదు. కడుపుతో ఉంటే దాని మీద ఇంకో 350 కావాలి. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలూ 600, తరవాతి ఆరు నెలలూ 520 ఎక్కువ కావాలి. లెక్కలన్నీ తార్నాకలో అచ్చై ఉన్నాయి, వంటింటి దాకా రావడమే లేదు.

మీ అక్కకి పురుడొచ్చి ఇది మూడో నెల. పథ్యం పేరు చెప్పి దానికి కారప్పొడి అన్నం పెడుతూ, పప్పూ, కూరలూ, పెరుగూ, ఆఖరికి మంచినీళ్లు కూడా కట్టడి చేస్తున్నారని విన్నాను. రోజూ 600 కేలరీలు అదనంగా అందాల్సిన మనిషికి ఉన్నవే కోస్తున్నారు. గ్లాసుడు పాలు, రెండు గుడ్లు, గుప్పెడు వేయించిన పల్లీలు, గిన్నెడు రాగిజావ, ఇవి దాని మామూలు భోజనానికి తోడైతే ఇంచుమించు సరిపోతుంది. మీ అమ్మమ్మతో నేను మాట్లాడతాను, ఆవిడ మనసు నొచ్చకుండా చెప్పే పూచీ నాది. ఆదివారం ఇంటికి వెళ్తున్నావుగా, ముందు మీ అక్కకి కంచం పెట్టి, పప్పు నువ్వే వడ్డించు.