చూపు తెచ్చిన చిన్న బిళ్ల

పెద్దవయసులో చూపు తగ్గితే చాలామంది ఏమంటారు? "వయసు మీద పడింది, ఇక ఇంతే" అంటారు. "తలరాత" అని మూలన కూర్చుంటారు. బియ్యంలో రాళ్లు ఏరలేరు. గడప కనపడక తట్టుకుని పడతారు. మనవడి మొహం గుర్తుపట్టలేరు. కానీ ఇలా చూపు పోయినవారిలో చాలామందికి అది తిరిగి వస్తుంది. ఎలాగో తెలుసుకుందాం.

శుక్లం అంటే ఏమిటి?

మన కంటిపాప వెనక ఒక చిన్న లెన్సు ఉంటుంది. అది అద్దంలా తేటగా ఉంటుంది. వెలుతురు దానిగుండా లోపలికి పోతేనే మనకు కనిపిస్తుంది. వయసు పెరిగేకొద్దీ ఈ లెన్సు మసకబారుతుంది. ఆవిరి పట్టిన అద్దంలా తయారవుతుంది. దీన్నే శుక్లం అంటారు. చక్కెర జబ్బు ఉన్నవారికి, కంటికి దెబ్బ తగిలినవారికి ఇది ముందుగానే రావచ్చు. చుక్కల మందుతో శుక్లం పోదు. ఆపరేషన్ ఒక్కటే దారి.

సోడాబుడ్డి అద్దాలు

పూర్వం ఆపరేషన్ చేసి మసకబారిన లెన్సును తీసేసేవారు. దాని బదులు లోపల ఏమీ పెట్టేవారు కాదు. మందపాటి కళ్లద్దాలు ఇచ్చేవారు. వాటినే మనం సోడాబుడ్డి అద్దాలు అంటాం. వాటితో చూస్తే వస్తువులు ఉన్నదానికంటే పెద్దవిగా కనిపించేవి. పక్కనున్నవి సరిగా కనిపించేవి కావు. అద్దాలు పగిలిపోతే మళ్లీ చీకటే. పొలం పనికి, కూలి పనికి పోయేవారికి అవి ఎన్నాళ్లు నిలుస్తాయి?

విమానం అద్దం నేర్పిన పాఠం

రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండు విమానాల పైకప్పుకు ఒక రకం ప్లాస్టిక్ వాడేవారు. గుళ్లు తగిలి అది పగిలినప్పుడు ముక్కలు పైలట్ల కళ్లలో గుచ్చుకునేవి. హెరాల్డ్ రిడ్లీ అనే లండన్ డాక్టరు ఒక సంగతి గమనించాడు. ఆ ముక్కలు కంట్లో ఉండిపోయినా కన్ను వాటిని తట్టుకుంటోంది! "అయితే ఈ ప్లాస్టిక్‌తోనే లెన్సు చేసి కంట్లో పెడితే?" అనుకున్నాడు. 1949లో మొదటిసారి పెట్టాడు. తోటి డాక్టర్లు చాలామంది తప్పు పట్టారు. చాలా ఏళ్ల తర్వాత ఆ పద్ధతినే లోకమంతా ఒప్పుకుంది.

లెన్సు కందిబద్దంత ఉంటుంది. కానీ అప్పట్లో అది విదేశాల నుంచే రావాలి. ఒక్కోటి వంద డాలర్ల దాకా పలికేది. అందుకే మన దేశంలో డబ్బున్నవారికి లెన్సు, లేనివారికి సోడాబుడ్డి అద్దాలు అన్నట్టుండేది.

ఇసుకలో అక్షరాలు దిద్దిన డాక్టరు

ఈ తేడాను ఒప్పుకోని మనిషి డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి. ఆయన 1918లో తమిళనాడులో వడమలాపురం అనే పల్లెలో పుట్టారు. బడిలో కాగితం, పెన్సిలు లేవు. పిల్లలు ఇసుక పరిచి వేలితో అక్షరాలు దిద్దేవారు. ఆయనా అలాగే నేర్చుకున్నారు. డాక్టరయ్యారు. ఇంతలో కీళ్లజబ్బు వచ్చి చాలాకాలం మంచం పట్టారు. చేతివేళ్లు వంకరపోయాయి. పెన్ను పట్టుకోవడమే కష్టమైంది. అయినా పట్టు వదల్లేదు. కంటి వైద్యం చదివారు. ఆ వంకర వేళ్లతోనే కత్తి పట్టడం సాధన చేశారు. జీవితంలో లక్షకు పైగా కంటి ఆపరేషన్లు చేశారు.

1976లో 58 ఏళ్లకు ఉద్యోగం నుంచి రిటైరయ్యారు. విశ్రాంతి తీసుకోలేదు. ఇల్లు తాకట్టు పెట్టి మదురైలో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి తెరిచారు. తమ్ముళ్లు, చెల్లెళ్లు కూడా తోడు నిలిచారు. డబ్బు ఇవ్వగలిగినవారు ఇస్తారు. ఆ డబ్బుతోనే ఇవ్వలేనివారికి ఉచితంగా చేస్తారు. ఒక బల్ల మీద ఆపరేషన్ జరుగుతుంటే పక్క బల్ల మీద ఇంకొకరిని సిద్ధం చేస్తారు. అందువల్ల డాక్టరు సమయం వృథా కాదు. రోజుకు ఎక్కువమందికి చూపు వస్తుంది.

మన దేశంలోనే లెన్సు

మంచి పరికరం పేదవాడికీ అందాలని వెంకటస్వామి పట్టుదల. "ఇంత సున్నితమైన వస్తువు ఇక్కడ చేయలేం" అని చాలామంది అన్నారు. నిజానికి లెన్సుకు పట్టే ప్లాస్టిక్ చాలా కొంచెం. ఖరీదంతా యంత్రాలది, పనితనానిది, శుభ్రతది. పని నేర్చుకుంటే ఇక్కడా చేయవచ్చు. 1992లో మదురైలో అరోల్యాబ్ మొదలైంది. పది డాలర్లకే లెన్సు ఇచ్చింది. తర్వాత ధర ఇంకా తగ్గింది. అక్కడి లెన్సులు వందకు పైగా దేశాలకు వెళ్తున్నాయి. వెంకటస్వామి 2006లో కన్నుమూశారు. ఆయన పెట్టిన పద్ధతి మాత్రం ఆగలేదు.

మనం ఏం చేయాలి?

మన దగ్గర కూడా ఇలాంటి దాతలు ఉన్నారు. సినిమా దర్శకుడు, నిర్మాత ఎల్.వి. ప్రసాద్ హైదరాబాద్‌లో కంటి ఆసుపత్రికి కోటి రూపాయలు, ఐదెకరాల స్థలం ఇచ్చారు. 1987లో మొదలైన ఆ ఆసుపత్రిలోనూ పేదలకు ఉచితంగా వైద్యం చేస్తారు. తిరుపతిలో అరవింద్ ఆసుపత్రి ఉంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ శుక్లం ఆపరేషన్ ఉచితం.

"శుక్లం ముదరాలి, అప్పుడే తీయాలి" అన్న మాట పాతది. పనికి అడ్డం వస్తే అప్పుడే చేయించుకోవచ్చు. మరీ ముదిరితే నొప్పి వచ్చి కన్ను పాడు కావచ్చు. కంట్లో ఆకు పసరు పోయకండి. ఆపరేషన్ అయ్యాక కన్ను నలపకూడదు. చెప్పినన్నాళ్లు చుక్కలు వేయాలి.

ఇంకో మాట. చూపు తగ్గడమంతా శుక్లమే కాదు. నీటికాసుల జబ్బులో పోయిన చూపు తిరిగి రాదు. అందుకే ఆలస్యం చేయకూడదు.

మీ ఇంట్లో అవ్వకో తాతకో చూపు మసకగా ఉందా? ఈ వారమే కంటి డాక్టరుకు చూపించండి.