విశ్వాసానికి ప్రతిఫలం వీధేనా?

వదిలేసిన కుక్కలకు గూడు వెతుకుతున్న స్వచ్ఛంద సేవకులు

విశాఖపట్నం: పెంచినన్నాళ్ళు పెంచి, అక్కర తీరాక కుక్కను ఏ సంతకో, బస్టాండుకో తీసుకుపోయి వదిలి వచ్చేవారు తక్కువేమీ కాదు. "అక్కడ నాలుగు హోటళ్ళున్నాయి, నాలుగు మెతుకులు దొరక్కపోవు" అని తమకు తామే సర్దిచెప్పుకుంటారు. కొట్టలేదు, చంపలేదు, పదిమంది మసలేచోట వదిలాం గదా అన్నది వారి ధీమా. ఆ ధీమాలో ఎంత పస వున్నదో అలాంటి కుక్కలను తెచ్చి, బాగుచేసి, కొత్త యిల్లు వెతికే పనిలో వున్న స్వచ్ఛంద సేవకులకు బాగా తెలుసు.

వూరకుక్క వేరు, వదిలిన కుక్క వేరు

వూరకుక్కకు యజమాని లేకపోయినా ఒక వీధి వుంటుంది. ఏ వేళకు ఏ యింటిముందు ఎంగిలి విస్తరి పడుతుందో, ఏ అరుగు కింద వాన తగలదో దానికి తెలుసు. తన హద్దు దాటిపోదు, పక్క వీధి కుక్కను రానివ్వదు. యింట్లో పెరిగిన కుక్కకు యీ విద్య రాదు. జాతీయ రహదారి మీది ఆనందపురం వంటి కూడలిలో దాన్ని దించిపోతే అక్కడి కుక్కలన్నీ మీద పడతాయి. తరుముతుంటే పరుగెత్తి రోడ్డుకు అడ్డం వస్తుంది. లారీ కింద పడకుండా బయటపడినా కాట్లు పుళ్ళవుతాయి, పుళ్ళకు పురుగులు పడతాయి. కొన్ని కుక్కలు దించిన చోటు విడిచిపెట్టకుండా అక్కడే కూర్చుంటాయి. మోటారు సైకిలు చప్పుడైతే చాలు, తమవాళ్ళేనేమోనని లేచి చూస్తాయి.

వదలడానికి చెప్పే కారణాలు చాలా వున్నాయి. ముసలిదైంది, కాపలాకు పనికిరాదు. గజ్జి పట్టింది. బదిలీ అయింది, కొత్త అద్దెయింటివారు కుక్కను ఒప్పుకోరు. మోజుపడి కొన్న జాతికుక్క తిండి ఖర్చు భరించలేకుండా వున్నాం. పల్లెల్లోనైతే ఆడకుక్క కావడమే పెద్ద నేరం. ఆడకుక్క సాధారణంగా ఏడాదికి రెండుసార్లు ఎదకు వస్తుంది. చూలుకట్టిన సుమారు 63 రోజులకు ఈనుతుంది. మగపిల్లలను ఎవరో ఒకరు అడిగి పట్టుకుపోతారు. మిగిలిన ఆడపిల్లలు, కళ్ళు తెరిచీ తెరవకముందే గోనెసంచిలో వూరి పొలిమేర దాటుతాయి. దీనికి మందు గోనెసంచి కాదు, తల్లికి సంతాన నిరోధక ఆపరేషన్ చేయించడం.

రెండు పిల్లలతో మొదలు

యీ సేవ మన ప్రాంతానికి కొత్తది కాదు. 1959లో మద్రాసులో విమాన చోదకుడు కెప్టెన్ వి. సుందరం వరద నీటిలో చిక్కుకున్న రెండు కుక్కపిల్లలను యింటికి తెచ్చుకున్నారు. బ్లూ క్రాస్ ఆఫ్ ఇండియా అలా మొదలైంది. 1992లో అమల అక్కినేని హైదరాబాదులో బ్లూ క్రాస్ సంస్థను నెలకొల్పారు. విశాఖపట్నంలో ప్రదీప్ కుమార్ నాథ్ ఆధ్వర్యాన 1996లో విశాఖ జంతు సంరక్షణ సంఘం ఏర్పడింది. వీటితోపాటు పేరూ బోర్డూ లేకుండా తమ జీతంలోంచే మందులు కొని యీ పని చేస్తున్న యువతీ యువకులు అనేక పట్టణాల్లో వున్నారు.

తేవడం ఒక పూట పని

బెదిరిన కుక్కను ఒక్కసారిగా పట్టబోతే కరుస్తుంది. అందువల్ల సేవకులు దూరంగా కూర్చుని తిండి చూపిస్తారు, అది తానై దగ్గరకు వచ్చేదాకా ఓపిక పడతారు. యీ పనిలో దిగేవారు ముందుగా తాము రేబిస్ టీకాలు వేయించుకోవడం తప్పనిసరి. తెచ్చిన కుక్కను వెంటనే మిగతా వాటితో కలపరు. పార్వో వంటి అంటురోగాలు వున్నాయేమో తేలేవరకు వేరే వుంచుతారు. చాలారోజులు పస్తున్నదానికి జాలిపడి కడుపునిండా పెడితే ప్రాణం మీదికి వస్తుంది. కొద్దికొద్దిగా, రోజుకు అనేకసార్లు పెట్టాలి. పుండ్లు కడిగి, పిడుదులు తీసి, నులిపురుగుల మందు పట్టించి, టీకా వేయించి, కోలుకున్నాక సంతాన నిరోధక ఆపరేషన్ చేయిస్తారు.

మరొక జాగ్రత్త కూడా వుంది. మెడపట్టీయో, పట్టీ ఒరిపిడి గుర్తో కనిపిస్తే అది తప్పిపోయి వచ్చిన కుక్క కూడా కావచ్చు. కనుక ముందు ఫోటో తీసి చుట్టుపక్కల విచారిస్తారు. ఎవరూ రాకపోతేనే కొత్త యింటి వేట.

యిల్లు వెతకడమే అసలు పని

గాయం మాన్పడానికి మందులున్నాయి గాని యిల్లు దొరకడానికి మందు లేదు. "మగదుంటే చెప్పండి, జాతిదుంటే చెప్పండి, పిల్ల వుంటే చెప్పండి" అనేవారే ఎక్కువ. మూడేళ్ళు దాటిన నాటు ఆడకుక్కను అడిగేవారు అరుదు. ఆశ్రయంలో వున్నచోటు కొంతే. వున్న కుక్కకు యిల్లు దొరికితేనే రోడ్డు మీద వున్న మరో కుక్కకు లోపల చోటు దొరుకుతుంది. అది దొరకని నాడు, ఫోను చేసినవారికి "చోటు లేదు" అని చెప్పవలసి వస్తుంది. యీ సేవలో అన్నిటికంటే కష్టమైన మాట అదే.

పల్లె యిళ్ళ ఉపయోగం యిక్కడే వున్నది. పట్నం మేడగదుల్లో లేనివి పల్లెలో వున్నాయి: దొడ్డి, పశువుల సాల, మామిడితోట, పగలంతా యింటిపట్టున ఎవరో ఒకరు. నాటుకుక్క మన ఎండకు తట్టుకుంటుంది. చోడి అంబలి, అన్నం, అప్పుడప్పుడు ఉడికించిన గుడ్డు పెడితే సరిపెట్టుకుంటుంది. పెద్ద కుక్కతో మరో లాభం వుంది. చెప్పులు కొరికే వయసు దాటిపోయి వుంటుంది, దాని స్వభావం ముందే తెలిసిపోతుంది, వచ్చిన నాటినుంచే కాపలా కాస్తుంది.

అయితే అడిగినవారికల్లా కుక్కను యిచ్చెయ్యరు. యింట్లో అందరికీ యిష్టమేనా? వూరికి వెళితే తిండి పెట్టేదెవరు? రాత్రింబగళ్ళు గొలుసుతో కట్టేస్తారా? ఏటేటా టీకా వేయిస్తారా? యీ ప్రశ్నలకు జవాబులు విన్నాకే యిస్తారు. ఏ కారణం చేతనైనా సాకలేకపోతే రోడ్డు మీద వదలకుండా తిరిగి తమకే అప్పగించాలని మాట తీసుకుంటారు.

కొత్త యింట్లో తొలి రోజులు

ఒకసారి మోసపోయిన కుక్క వెంటనే నమ్మదు. రెండు మూడు రోజులు తిండి ముట్టకపోవచ్చు. గుమ్మం తెరిస్తే పారిపోవచ్చు. కనుక మొదట్లో బయటికి తీసుకుపోయినప్పుడల్లా తాడు చేతిలో వుండాలి. ఒకే మనిషి, ఒకే వేళకు, ఒకే పేరుతో పిలిచి పెడితే దారికి వస్తుంది. తినేటప్పుడు పిల్లలను దగ్గరకు పోనివ్వరాదు. చాక్లెట్లు, ద్రాక్షపళ్ళు, ఉల్లిపాయ కుక్కకు విషంతో సమానం.

చట్టం ఏమంటున్నది

రాజ్యసభ సభ్యురాలు రుక్మిణీదేవి అరండేల్ కృషి ఫలితంగా జంతుహింస నిరోధక చట్టం 1960లో వచ్చింది. తగిన కారణం లేకుండా జంతువును ఆకలిదప్పులతో బాధపడే స్థితిలో వదిలెయ్యడం ఆ చట్టం ప్రకారం నేరం. మొదటి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలు. మూడేళ్ళలోపు మళ్ళీ చేస్తే 25 నుంచి 100 రూపాయలు, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. జరిమానా చిన్నదే గాని నేరం నేరమే. కుక్కకు విషం పెట్టినా, అవిటిదాన్ని చేసినా 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద అయిదేళ్ళ వరకు జైలుశిక్ష పడవచ్చు.

వీధి కుక్కల విషయంలో సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న యిచ్చిన ఉత్తర్వులో, దత్తత కోరేవారు పురపాలక సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చునని, తీసుకున్న కుక్క తిరిగి వీధికి రాకుండా చూసే బాధ్యత వారిదేనని చెప్పింది. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలోని కుక్కలను ఆశ్రయాలకు తరలించాలని, తిరిగి అక్కడ వదలరాదని అదే సంవత్సరం నవంబరు 7న ఆదేశించింది. అంటే బస్టాండులో కుక్కను వదిలి వచ్చేవారు దానికి మెతుకులు చూపించడంలేదు, ఆశ్రయాల బరువు పెంచుతున్నారు.

భయం వుత్తది కాదు

కుక్క అంటే తల్లిదండ్రులకు వుండే భయాన్ని తీసిపారెయ్యడానికి వీల్లేదు. రేబిస్ లక్షణాలు కనబడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. కరిచిన వెంటనే గాయాన్ని సబ్బుతో, ధారగా పోసే నీటితో 15 నిమిషాలు కడగాలి. పసరు, సున్నం, కారం పెట్టరాదు. ఆలస్యం చెయ్యకుండా ప్రభుత్వాసుపత్రికి వెళ్ళి టీకాలు మొదలుపెట్టాలి, చెప్పిన తేదీలన్నిటికీ వెళ్ళి పూర్తి చెయ్యాలి. పెంపుడు కుక్కకు మూడు నెలల వయసులో రేబిస్ టీకా వేయించి, డాక్టరు చెప్పిన ప్రకారం ఏటేటా కొనసాగించాలి. టీకా లేని కుక్కను పక్క వూరి పొలిమేరలో వదలడమంటే మన బాధ్యతను వాళ్ళ పిల్లల నెత్తిన పెట్టడమే.

స్వర్గం ముంగిట నిలిచి, వెంట వచ్చిన కుక్కను విడిచి లోపలికి రానన్న ధర్మరాజు కథ పురాణ కాలక్షేపంలో వినని వూరు లేదు. అంత త్యాగం యిప్పుడెవరూ అడగడంలేదు. సాకలేనివారు సంతకు తోలకుండా ముందు బంధువులను, యిరుగుపొరుగును అడగాలి, లేదా దగ్గరలోని పశువుల ఆసుపత్రిలో, జంతు సంరక్షణ సంఘంలో చెప్పాలి. దొడ్డీ తీరికా వున్నవారు కుక్కను కొనే ముందు ఒక్కసారి ఆశ్రయానికి వెళ్ళి చూడాలి. ముసలిదో, కుంటిదో, ఆడదో, ఎవరూ అడగని కుక్క ఒకటి అక్కడ గేటువైపు చూస్తూ వుంటుంది.