ఇంటి యంత్రంలో కౌజు గుడ్ల పొదుగు: కోల్‌కతా వాతావరణంలో పాటించవలసిన మెళకువలు

పెంపుడు కౌజు పిట్ట గుడ్డు పెడుతుంది గాని దానిపై కూర్చోదు. పంజరాలలో తరతరాలుగా పెరుగుట వలన జపాన్ జాతి కౌజులో పొదిగే గుణం దాదాపు నశించింది. 1974లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుండి ఈ జాతిని మన దేశానికి తెచ్చారు. ఆనాటి నుండి పిల్లల ఉత్పత్తి ప్రధానంగా యంత్రాల మీదనే ఆధారపడి ఉన్నది. నాటుకోడి కింద పెట్టి చూచేవారు లేకపోలేదు. కాని ఆ పలుచని పెంకు కోడి బరువుకు నిలుచుట కష్టం.

కోల్‌కతా నగరంలోను, హుగ్లీ తీరాన టిటాగఢ్ వంటి జనపనార మిల్లుల ఊళ్లలోను తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం ఉన్నవి. ఇరుకు ఇంట్లో సైతం సాగించదగిన ఉపాధి గనుక మీలో కొందరు ఈ వైపు చూడవచ్చును. యంత్రం కొనేవారు, అమ్మే డీలర్లు కూడ ముందుగా ఒక సంగతి గ్రహించాలి. చిన్న యంత్రం వేడి చేయగలదు గాని చల్లబరచలేదు. తేమను చేర్చగలదు గాని తీసివేయలేదు. అందువలన యంత్రం ధర కన్న, దానిని ఉంచే గదియే మీ పెట్టుబడిని ఎక్కువగా కాపాడుతుంది.

మొదట గుడ్ల విషయం. బెంగాలీలో కౌజును 'కోయెల్' అంటారు. మన కోయిలను వారు 'కోకిల్' అంటారు. కొత్తగా వచ్చిన తెలుగువారు బజారులో కోయిల గుడ్లు అమ్ముతున్నారని ఆశ్చర్యపడితే తప్పులేదు! తినుటకు అమ్మే ఆ గుడ్లను పొదుగుకు కొనరాదు. మగ పిట్టలు లేని పంజరాలలో పెట్టిన గుడ్ల నుండి పిల్లలు రావు. రెండు మూడు ఆడ పిట్టలకు ఒక మగ పిట్ట చొప్పున పెంచే వారి వద్దనే, పెట్టి వారం దాటని గుడ్లను తీసుకోవాలి. గుడ్లను కడుగరాదు. నిలువ ఉంచేటప్పుడు సన్నని కొన కిందికి ఉండాలి.

యంత్రాన్ని ఒక రోజంతా ఖాళీగా నడిపి చూడనిదే గుడ్లు పెట్టవద్దు. ఫ్యాను ఉన్న యంత్రంలో 37.5 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. యంత్రం మీది అంకెను మాత్రమే నమ్మక, జ్వరం చూచే పాదరసపు థర్మామీటరును లోపల ఉంచండి. విదిలించే వరకు అది ఎక్కిన అత్యధిక వేడినే చూపుతుంది గనుక, మీరు నిద్రించిన వేళ వేడి హద్దు మీరినా తెలిసిపోతుంది. అమ్మే ముందు ఈ పరీక్షను కొనుగోలుదారుని ఎదుటనే చేసి చూపే డీలరుకు తరువాత తగవులు తక్కువ.

ఇక తేమ. కోల్‌కతాలో ఎక్కువ మంది తడబడే చోటు ఇదే. మొదటి పద్నాలుగు రోజులు 55 నుండి 60 శాతం తేమ చాలును. వర్షాకాలంలో గది గాలి 30 డిగ్రీల వేడితో, 85 శాతం తేమతో ఉన్నదనుకోండి. అదే గాలి యంత్రంలో 37.5 డిగ్రీలకు వేడెక్కేసరికి తేమ సుమారు 56 శాతానికి దిగుతుంది. అనగా నీటి పళ్లెం అవసరమే లేదు. పుస్తకంలో ఉన్నదని పళ్లెం నింపితే, గుడ్డులోని నీరు తగినంత ఆవిరి కాక, పిల్ల పెంకును పొడిచే వేళ ఊపిరాడక చనిపోతుంది. చలికాలంలో 20 డిగ్రీల వేడి, 60 శాతం తేమ గల గాలియైతే లోపల 22 శాతమే మిగులుతుంది. అప్పుడు పళ్లెం తప్పదు. వంటింటి త్రాసుతో సరిచూడవచ్చును: 550 గ్రాములు తూగిన యాభై గుడ్లు పద్నాలుగవ రోజుకు సుమారు 485 నుండి 495 గ్రాములకు తగ్గాలి. ఎండాకాలంలో రేకుల కప్పు కింద యంత్రాన్ని పెట్టరాదు. గదియే 38 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం ఏ యంత్రమూ గుడ్లను రక్షింపలేదు. రాయలసీమ, తెలంగాణ పాఠకులకు ఈ మాట మరింత వర్తిస్తుంది.

పద్నాలుగవ రోజు వరకు గుడ్లను దినానికి కనీసం మూడు నాలుగు సార్లు తిప్పాలి. కౌజు గుడ్డుపై మచ్చలు ఉన్నందున లోపలి పిండం కోడిగుడ్డులో వలె తేలికగా కనబడదు. ఏడెనిమిది రోజుల తరువాత చీకటి గదిలో గట్టి టార్చితో చూడండి.

విద్యుత్తు అంతరాయం మరొక ప్రమాదం. వైశాఖ మాసపు గాలివానలు ఈ ప్రాంతానికి కొత్త కాదు. 2020 మే 20న అంఫన్ తుపాను తాకినప్పుడు నగరంలోనే అనేక పేటలు రోజుల తరబడి చీకటిలో ఉన్నవి. కౌజు గుడ్డు పది పన్నెండు గ్రాములే గనుక కోడిగుడ్డు కన్న త్వరగా చల్లారుతుంది. కరెంటు పోగానే మూత తెరవక, దుప్పటి కప్పండి. అయితే గాలి రంధ్రాలను, ముఖ్యంగా చివరి మూడు రోజులలో, మూయరాదు. తుపాను హెచ్చరిక ఉన్న వారంలో కొత్తగా గుడ్లు పెట్టకుండుటే మేలు.

పదిహేనవ రోజు నుండి తిప్పుట ఆపి, గరుకు గుడ్డ పరచి, తేమను 65 నుండి 70 శాతానికి పెంచండి. పదిహేడు, పద్దెనిమిది రోజులకు పిల్లలు వస్తాయి. ఆత్రంతో మూత తీసిన ప్రతిసారి తేమ పోయి, లోపలి పొర ఎండి, పిల్ల పెంకులోనే చిక్కుకొంటుంది. పెంకును మీరు ఒలువవద్దు. పుట్టిన పిల్ల కడుపులోని పచ్చసొన బలంతో ఒక రోజు వరకు మేత లేకున్నా ఓర్చుకొనగలదు. ఒళ్లు ఆరిన తరువాతనే తీయండి.

ఆ పిల్ల తూకం ఏడెనిమిది గ్రాములు. లోతులేని పళ్లెంలో సైతం మునిగిపోగలదు గనుక నీటిలో గులకరాళ్లు వేయండి. నున్నని వార్తాపత్రికపై కాళ్లు జారి చాపుకుపోతాయి. గోనె పట్టా మేలు. మొదటి వారం బల్బు కింద 35 నుండి 37 డిగ్రీల వెచ్చదనం ఉండాలి.

లెక్క చూచుకొనే తీరు ఇది. గుడ్డు ఆరు రూపాయలని అనుకుంటే నూటికి ఆరు వందలు. డెబ్బది పిల్లలు వస్తే గుడ్ల ఖర్చు పిల్లకు ఎనిమిదిన్నర రూపాయలు, నలభై వస్తే పదిహేను. కరెంటు, మీ శ్రమ అదనం. మీ ప్రాంతంలో ఒక రోజు పిల్ల ఇంతకన్న చౌకగా దొరికితే యంత్రం కొనక పిల్లలనే కొనండి. రుణం కోరే ముందు రెండు మూడు విడతలు చిన్నగా నడిపి, పెట్టిన గుడ్లు, వచ్చిన పిల్లలు, బ్రతికిన పిల్లల సంఖ్యను పుస్తకంలో వ్రాసి బ్యాంకుకు తీసుకువెళ్లండి. 2018-19 నుండి పశుపోషణకు కూడ వర్తింపజేసిన కిసాన్ క్రెడిట్ కార్డు మేత, మందులు, కరెంటు వంటి నడిపింపు ఖర్చులకు ఉద్దేశించినది. యంత్రం కొనుగోలుకు టర్మ్ రుణాన్ని వేరుగా అడగవలసి ఉంటుంది.