కుస్తీ కంపెనీ పెట్టిన చిగుసా నగాయో

కుస్తీ అనగానే మనకు మగవాళ్లే గుర్తుకొస్తారు. టీవీలో వచ్చే కుస్తీ అయితే కండలు తిరిగిన అమెరికావాళ్లు గుర్తుకొస్తారు. కానీ జపాన్ దేశంలో ఆడవాళ్ల కుస్తీకి వేరే కంపెనీలే ఉన్నాయి. అందులో చిగుసా నగాయో అనే ఆమె గురించి ఈసారి రాస్తున్నాను. ఆమె మొదట కుస్తీ పట్టింది, తర్వాత తనే కంపెనీ పెట్టి కుస్తీలు జరిపించింది. అట్లా జరిపించేవాళ్లను ప్రమోటర్ అంటారు.

ముందు ఒక సంగతి చెప్పాలి. ఇది ఒలింపిక్స్‌లో ఉండే కుస్తీ కాదు. దీంట్లో ఎవరు గెలవాలో ముందే అనుకుంటారు. అందుకే మా తరగతిలో కొందరు "అంతా ఉత్తదే" అంటారు. అది సగమే నిజం. గెలుపు ముందే అనుకున్నా పైనుంచి దూకేది నిజంగానే దూకాలి, కింద పడేది నిజంగానే పడాలి. ఎముక విరిగితే నిజంగానే విరుగుద్ది. అందుకే వాళ్లకు మొదట నేర్పేది కొట్టడం కాదు, పడటం. వెనక్కి పడేటప్పుడు గడ్డం ఛాతీకి ఆనించాలి, అప్పుడు తల నేలకు తగలదు. రెండు చేతులూ చాపి అరచేతులతో నేలను గట్టిగా చరచాలి, అప్పుడు దెబ్బ ఒకచోట కాకుండా ఒళ్లంతా పంచుకుంటది. మనం కబడ్డీలో మోచెయ్యి ఆనించి పడి చర్మం లేపుకుంటాం కదా, అది సరైన పడటం కాదన్నమాట.

చిగుసా 1964 డిసెంబరు 8న నాగసాకి ప్రాంతంలోని ఓమురా అనే ఊళ్లో పుట్టింది. (సాంఘికశాస్త్రంలో అణుబాంబు పాఠంలో వచ్చే నాగసాకి ఇదే.) 15 ఏళ్ల వయసులో, అంటే మన పదో తరగతి అక్కల వయసులో, ఇల్లు విడిచి వెళ్లి ఆల్ జపాన్ ఉమెన్స్ అనే కంపెనీలో చేరింది. 1980లో మొదటిసారి రింగులో దిగింది. ఆ కంపెనీని 1968లో మత్సునాగా అనే అన్నదమ్ములు పెట్టారు. దెబ్బలు తినేది ఆడపిల్లలు, డబ్బు లెక్కపెట్టేది అన్నదమ్ములు. అక్కడ మూడు నిషేధాలు ఉండేవి. మందు తాగకూడదు, సిగరెట్టు కాల్చకూడదు, మగవాళ్లతో తిరగకూడదు. (ఇది చదివి మన వార్డెన్ మేడం "చూశారా, నేనొక్కదాన్నే కాదు" అంటారు.) వీటికి తోడు ఇంకో రూలు ఉండేది. 25 ఏళ్లు వచ్చాయంటే కుస్తీ మానేసి వెళ్లిపోవాలి. ఎంత బాగా ఆడినా సరే. నాకనిపించేది ఏంటంటే, కొత్త పిల్లలు ఎప్పుడూ దొరుకుతుంటే పాతవాళ్లకు జీతం పెంచి ఉంచుకునే పని యజమానికి ఏముంటది?

1984లో చిగుసా, లయనెస్ అసుకా అనే ఇంకో అమ్మాయి కలిసి క్రష్ గాల్స్ అనే జోడీగా పేరు తెచ్చుకున్నారు. కుస్తీ పట్టేవాళ్లు, పాటల రికార్డులు కూడా ఇచ్చేవాళ్లు. చూడటానికి వచ్చేది ఎక్కువగా బడికిపోయే ఆడపిల్లలే. వాళ్లను చూసి వేలమంది అమ్మాయిలు మేమూ కుస్తీ నేర్చుకుంటామని కంపెనీకి దరఖాస్తులు పెట్టారట.

జోడీకి ఎదురు విలన్ కావాలి కదా. ఆమె పేరు డంప్ మత్సుమోటో. ఆమె కూడా 1980లో చిగుసాతో పాటే వచ్చింది. ముఖానికి రంగులు పూసుకుని, చేతిలో గొలుసు, వెదురు కత్తి పట్టుకుని వచ్చేది. రిఫరీ కూడా ఆమెవైపే! 1985 ఆగస్టు 28న ఒసాకాలో వీళ్లిద్దరికీ పందెం కుస్తీ జరిగింది. ఓడినవాళ్లకు అక్కడే గుండు. చిగుసా ఓడిపోయింది. రింగు మధ్యలో కూర్చోబెట్టి జుట్టు తీసేస్తుంటే హాలునిండా ఉన్న ఆడపిల్లలు వెక్కి వెక్కి ఏడ్చారు. పేలు ఎక్కువయ్యాయని జడ కత్తిరిస్తేనే మనం రెండు రోజులు అన్నం తినం. అందరూ చూస్తుండగా గుండు అంటే ఎట్లా ఉంటదో ఆలోచించండి. తర్వాతి ఏడాది 1986 నవంబరులో మళ్లీ పందెం పెట్టారు. ఈసారి చిగుసా గెలిచింది, డంప్‌కు గుండు కొట్టారు.

ఇంత పేరు వచ్చినా రూలు రూలే. 1989లో చిగుసా కుస్తీ మానేసింది. అప్పటికి ఆమెకు 24 ఏళ్లు. మా ఊళ్లో 24 ఏళ్ల అక్కలు పొలంలో ఎంత పని చేస్తారో నాకు తెలుసు. ఆ వయసుకు బలం అయిపోయిందంటే ఎవరు నమ్ముతారు?

1993లో ఆమె తిరిగి రింగులోకి వచ్చింది. అంతటితో ఆగలేదు. తనే గయా జపాన్ అని కంపెనీ పెట్టి 1995 ఏప్రిల్ 15న టోక్యోలోని కొరాకుయెన్ హాల్లో మొదటి ప్రదర్శన ఇచ్చింది. ప్రమోటర్ పని అంటే జాతరలో రంగులరాట్నం పెట్టేవాళ్ల పని లాంటిదే. చోటుకు అద్దె కట్టాలి, టికెట్లు అమ్మాలి, మనుషులకు జీతాలు ఇవ్వాలి, జనం రాకపోతే నష్టం మొయ్యాలి. దానికి తోడు ఎవరు గెలవాలి, ఎవరు ఓడాలి, ఎవరిని పైకి తేవాలి అని కూడా చూసుకోవాలి. చిగుసా ఈ పనులు చేస్తూ తను కూడా కుస్తీ పట్టింది, కొత్తపిల్లలకు నేర్పింది. తన కంపెనీలో 25 ఏళ్ల రూలు పెట్టలేదు. తనే అప్పటికి 30 దాటింది.

ఇక్కడిదాకా రాసి ఆపితే ఆమె దేవత అయిపోద్ది. కానీ 2000లో గయా గర్ల్స్ అని ఒక డాక్యుమెంటరీ సినిమా వచ్చింది. ఇద్దరు మహిళలు తీశారు. అందులో కొత్తపిల్లలకు శిక్షణ ఎట్లా ఇస్తారో ఉంది. టకేఉచి అనే పిల్ల పరీక్షలో తప్పుద్ది. చిగుసా ఆ పిల్లను తిట్టుద్ది, చెంపల మీద కొడుద్ది. ముఖం మీద రక్తం కారుతున్నా ఆ పిల్ల లేచి నిలబడుద్ది. చివరకు పరీక్ష పాసయి రింగులోకి వస్తది. దెబ్బలు తట్టుకోలేనివాళ్లు రింగులో ఇంకా ఎక్కువ దెబ్బతింటారని, అందుకే ఇంత గట్టిగా నేర్పుతారని అంటారు. పడటం గట్టిగా నేర్పాలి, అది ఒప్పుకుంటాను. కానీ చెంపదెబ్బకు, పడటం నేర్చుకోవడానికి సంబంధం ఏముంది? తన కాలంలో వయసు రూలు తప్పు అని తెలుసుకున్న మనిషికి దెబ్బల రూలు కూడా తప్పు అని ఎందుకు తోచలేదో నాకు అర్థం కాలేదు. కొట్టకపోతే పిల్లలు నేర్చుకోరని పెద్దవాళ్లు అన్నిచోట్లా అంటారు. ఈ పేజీ పెద్దవాళ్లు కూడా చదువుతారని తెలిసే రాస్తున్నాను.

2005లో గయా కంపెనీ మూతపడింది. ఆ అన్నదమ్ముల పాత కంపెనీ కూడా అదే ఏడాది మూతపడింది. చిగుసా 2014లో మార్వెలస్ అని ఇంకో కంపెనీ పెట్టింది. 1995లో ఆమె మొదటి ప్రదర్శనలోనే 15 ఏళ్లకు రింగులో దిగిన శిష్యురాలు మేకో సతోమురా, తర్వాత సెందాయ్ అనే పట్నంలో సొంతంగా కంపెనీ నడిపింది. సతోమురా కుస్తీ మానేసింది 2025లో, 45 ఏళ్ల వయసులో. పాత కంపెనీ రూలు ప్రకారం అయితే ఇంకో 20 ఏళ్ల ముందే ఇంటికి పంపేవాళ్లు.

2024లో డంప్ మత్సుమోటో కథతో నెట్‌ఫ్లిక్స్‌లో ఒక సీరియల్ వచ్చింది. అందులో ఆ గుండు పందెం కూడా ఉంది. చిగుసా వేషం వేసిన నటి నిజంగానే గుండు కొట్టించుకుంది. కుస్తీ సీన్లు దగ్గరుండి చూసుకుంది చిగుసానే. సీరియల్ వచ్చేనాటికి ఆమెకు 59 ఏళ్లు. నటీమణులు మొదట నేర్చుకోవాల్సింది ఏంటో మీకు తెలుసు కదా, పడటం.