ఉదయగిరి కోట: గుప్త నిధుల కోసం తవ్వితే నిజంగా పోయేదేంటి? ఆ కొండపై ఉన్న అసలు నిధి ఇదే

నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా పడమరకు దాదాపు వంద కిలోమీటర్లు వెళ్తే ఉదయగిరి వస్తుంది. ఊరి వెనకే గోడ కట్టినట్టు నిలబడ్డ కొండ. ఎత్తు సుమారు 3 వేల అడుగులు. దానిపై శిథిలమైన బురుజులు, గుడులు, మసీదు.

ఈ ప్రాంతానికి తవ్వకాలు కొత్త కాదు. గరిమెనపెంట పరిసరాల్లో ఒకప్పుడు రాగి కోసం తవ్విన ఆనవాళ్లున్నాయి. ఆ రాగి పని ఎప్పుడో ఆగిపోయింది. కానీ గుప్త నిధుల పేరుతో పాత కోటల్లో గడ్డపారలు మాత్రం ఆగట్లేదు. మరి ఇలా తవ్వితే పోయేదేంటి?

ఒక్క కోట కాదు, 13

ఉదయగిరి దుర్గం అంటే ఒకే కోట కాదు. మొత్తం 13 కోటల సముదాయం. ఎనిమిది కొండపైన, ఐదు కింద. గజపతుల చేతిలో ఉన్న ఈ దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు దాదాపు ఏడాదిన్నర ముట్టడించి 1514లో గెలిచాడు. కోట బురుజుల దాకా చేరడానికి బండలు పగలగొట్టించి దారి వేయించాడని పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాశాడు. అంటే ఈ కొండను ఎక్కడం అప్పట్లోనే అంత కష్టమన్నమాట.

గెలుపు గుర్తుగా రాయలు ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకెళ్లాడు. అక్కడ కృష్ణాలయం కట్టించి 1515లో ప్రతిష్ఠించాడు. దెబ్బతిన్న ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. విగ్రహం చెన్నైలో, గుడి హంపిలో, కథ మొదలైన చోటు మాత్రం నెల్లూరు జిల్లాలో!

విజయనగరం తర్వాత గోల్కొండ సుల్తానుల కాలం వచ్చింది. కొండపై మసీదులోని పారశీక శాసనాలు ఆ కాలానివే. ఆ తర్వాత ఆర్కాటు నవాబు ఇచ్చిన జాగీరు కింద 1839 దాకా జాగీర్దార్ల చేతిలో ఉంది. ఆ ఏడాది కుట్ర ఆరోపణపై బ్రిటిష్ వాళ్లు జాగీర్దారును ఇక్కడి నుంచి పంపించేశారు.

తవ్వితే ఏమవుతుంది?

ఒక గుంత తవ్వితే ముందు పునాది కదులుతుంది. గోడ ఒకవైపు ఒరుగుతుంది. వాన నీళ్లు గుంతలో నిలిచి రాళ్ల మధ్య పట్టు వదులుతుంది. శాసనం ఉన్న బండ పగిలితే అందులోని పేరు, తేదీ శాశ్వతంగా పోయినట్టే. మట్టి పొరలు కలిసిపోతే ఏది ఏ కాలానిదో పురావస్తు నిపుణులు కూడా చెప్పలేరు.

మనుషులే కాదు, చెట్లూ శత్రువులే. గోడ సందుల్లో మొలిచిన రావి, మర్రి వేళ్లు రాళ్లను విడదీస్తాయి. అలాగని పైన సిమెంట్ పూసేస్తే ఇంకో సమస్య. పాత సున్నపు గోడ తేమను బయటికి వదులుతుంది. సిమెంట్ దాన్ని లోపలే బిగించేస్తుంది. అందుకే పాత కట్టడాలకు సున్నంతోనే మరమ్మతు చేయాలంటారు.

చట్టం ఏం చెబుతోంది?

నిజంగా నిధి దొరికినా తవ్వినవాళ్లు ఇంటికి పట్టుకెళ్లడం కుదరదు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దొరికిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే చాలు, కలెక్టర్‌కు చెప్పాల్సిందే. దాచిపెడితే జైలు శిక్ష కూడా పడొచ్చు.

సందర్శకులు చేయాల్సింది కూడా పెద్దగా ఏం లేదు. గోడలపై పేర్లు చెక్కొద్దు. రాళ్లు కదపొద్దు. కొత్తగా తవ్విన గుంత కనిపిస్తే వెంటనే పోలీసులకో, రెవెన్యూ అధికారులకో చెప్పాలి. కొండెక్కేవాళ్లు వీడియో తీసుకోవచ్చు, అందరికీ చూపించొచ్చు. ఎందుకంటే ఇక్కడి నిధి మట్టి కింద లేదు, కళ్లెదురుగానే నిలబడి ఉంది. కూలితే మళ్లీ కట్టగలిగేవాళ్లు లేరు.