జాతీయ ఉపాధ్యాయ పురస్కారం: పేరు మీరే పంపుకోవాలి, ఆధారాలు ఏడాదంతా దాచుకోవాలి

ఈ సమాచారం ఎవరి కోసం?

జిల్లా పరిషత్, మండల పరిషత్, మున్సిపల్, ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో పనిచేసే టీచర్లు, హెచ్‌ఎంల కోసం. ఈ విషయం వాళ్లకు చేరవేయాల్సిన ఎంఈఓలు, కాంప్లెక్స్ హెచ్‌ఎంల కోసం కూడా.

"అవార్డులు పైనుంచి సిఫార్సు ఉన్నవాళ్లకే వస్తాయి", "మన పేరు మనమే పంపుకుంటే బాగుండదు", "టౌన్ స్కూళ్లకే ఇస్తారు". స్టాఫ్ రూముల్లో ఈ మూడు మాటలూ తరచూ వినిపిస్తుంటాయి. వీటి వల్ల బాగా పనిచేస్తున్న టీచర్లు చాలామంది దరఖాస్తే పెట్టడం లేదు. అందుకే నియమాలు ఎలా ఉన్నాయో, ఎంపిక ఎలా జరుగుతుందో ఇక్కడ వరుసగా చెబుతున్నాం.

పురస్కారం ఏమిటి?

కేంద్ర విద్యాశాఖ 1958 నుంచి ఇస్తున్న పురస్కారం ఇది. సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టినరోజైన సెప్టెంబరు 5న ఢిల్లీలో రాష్ట్రపతి చేతుల మీదుగా అందజేస్తారు. ఎంపికైన వారికి ప్రశంసాపత్రం, 50,000 రూపాయల నగదు, వెండి పతకం ఇస్తారు.

2018లో పద్ధతి మారింది. అంతకుముందు రాష్ట్రాలు పేర్లు సిఫార్సు చేసేవి. ఏటా దేశం మొత్తం మీద 300 మందికి పైగా టీచర్లకు ఇచ్చేవారు. ఇప్పుడు టీచరే ఆన్‌లైన్‌లో సొంతంగా దరఖాస్తు చేసుకోవాలి. స్కూల్ టీచర్లకు ఇచ్చే పురస్కారాలు 2018 తర్వాత ఏ ఏడాదీ 50కి మించలేదు. అంటే పోటీ గట్టిదే. ఆ మాట దాచిపెట్టి మిమ్మల్ని ఆశపెట్టడం ఈ పీడీఎఫ్ ఉద్దేశం కాదు. అయితే దరఖాస్తు పెట్టనివారి పేరు జిల్లా కమిటీ ముందుకే రాదు. అది కూడా గుర్తుంచుకోవాలి.

రాష్ట్ర, జిల్లా స్థాయి ఉత్తమ ఉపాధ్యాయ పురస్కారాలు వేరు. వాటికి పాఠశాల విద్యాశాఖ విడిగా ఉత్తర్వులు ఇస్తుంది. జాతీయ పురస్కారం కోసం తయారుచేసుకున్న ఫైలు అక్కడ కూడా పనికొస్తుంది.

ఎవరు అర్హులు?

గుర్తింపు ఉన్న ప్రైమరీ, అప్పర్ ప్రైమరీ, హైస్కూల్, హయ్యర్ సెకండరీ బడుల్లో పనిచేసే రెగ్యులర్ టీచర్లు, హెచ్‌ఎంలు అర్హులు. ఎస్‌జీటీ అయినా, స్కూల్ అసిస్టెంట్ అయినా ఒకటే. కనీసం ఎన్నేళ్ల సర్వీసు ఉండాలన్నది ఆ ఏడాది ప్రకటనలో ఉంటుంది. మీ సర్వీసు రిజిస్టర్‌తో సరిచూసుకోండి.

కేంద్రీయ విద్యాలయాలు, నవోదయ, ఏకలవ్య లాంటి కేంద్ర సంస్థల టీచర్లు కూడా అర్హులే. వాళ్ల ఎంపిక జిల్లా కమిటీ ద్వారా కాకుండా వాళ్ల సంస్థ కమిటీ ద్వారా జరుగుతుంది.

ఎవరికి వర్తించదు?

కాంట్రాక్టు టీచర్లకు ప్రస్తుత నియమాల ప్రకారం అవకాశం లేదు. విద్యాశాఖ పర్యవేక్షణ అధికారులు, శిక్షణ సంస్థల సిబ్బంది కూడా అర్హులు కారు. ప్రైవేటు ట్యూషన్లు చెప్పేవారు దరఖాస్తు పెట్టకూడదు. రిటైరైన వారు మామూలుగా అర్హులు కారు. అయితే పురస్కారం ఏ ఏడాదికి సంబంధించిందో ఆ క్యాలెండర్ ఏడాదిలో కనీసం నాలుగు నెలలు, అంటే ఏప్రిల్ 30 వరకు పనిచేసి ఉంటే, మిగతా అర్హతలు ఉన్న పక్షంలో పరిశీలిస్తారు.

ఎంపిక ఎలా జరుగుతుంది?

మొదటి మెట్టు: నేషనల్ అవార్డ్స్ టు టీచర్స్ పోర్టల్‌లో మీరు రిజిస్టర్ అయి, ఫారం నింపి, పనికి సంబంధించిన ఆధారాలు అప్‌లోడ్ చేయాలి. ఇచ్చిన సమాచారం నిజమని, తప్పని తేలితే క్రమశిక్షణ చర్యలకు బాధ్యత తనదేనని హామీ ఇవ్వాలి.

రెండో మెట్టు: జిల్లా ఎంపిక కమిటీ. దీనికి డీఈఓ అధ్యక్షులు. రాష్ట్ర ప్రభుత్వ ప్రతినిధి ఒకరు, కలెక్టర్ నామినేట్ చేసిన విద్యావేత్త ఒకరు సభ్యులు. వచ్చిన దరఖాస్తుల్లో చెప్పినవి నిజమో కాదో సరిచూసి, మార్కులు వేసి, ముగ్గురి పేర్లు రాష్ట్రానికి పంపుతారు. ఆ టీచర్లపై విజిలెన్స్ కేసులేమీ లేవన్న క్లియరెన్స్ కూడా జతచేస్తారు.

మూడో మెట్టు: రాష్ట్ర ఎంపిక కమిటీ. అన్ని జిల్లాల పేర్లూ చూసి, తమకు కేటాయించిన సంఖ్యకు మించకుండా ఢిల్లీకి పంపుతుంది.

నాలుగో మెట్టు: జాతీయ స్థాయి స్వతంత్ర జ్యూరీ. ఇక్కడిదాకా వచ్చిన టీచర్లు తమ పనిని జ్యూరీ ముందు స్వయంగా వివరించాలి. తుది నిర్ణయం జ్యూరీదే.

మార్కులు దేనికి వేస్తారు?

రెండు భాగాలు ఉంటాయి. మొదటిది కాగితాల మీద తేలిపోయేది: వార్షిక పనితీరు నివేదికలు, హాజరు, శిక్షణల్లో పాల్గొనడం, ఆన్‌లైన్ కోర్సులు, రాసిన వ్యాసాలు, ఎస్‌సీఈఆర్‌టీ లాంటి సంస్థలకు తయారుచేసిన పాఠ్య సామగ్రి, పిల్లల నమోదు పెంచడం, మధ్యలో బడి మానేసేవారిని తగ్గించడం, తల్లిదండ్రులను, పూర్వ విద్యార్థులను బడికి దగ్గర చేయడం.

రెండోది పనితీరు. వందలో ఎక్కువ మార్కులు దీనికే. తరగతి గదిలో కొత్త పద్ధతులు, తక్కువ ఖర్చుతో చేసిన టీఎల్‌ఎం, కంప్యూటర్, ఫోన్ లాంటి వాటి వాడకం. ప్రాజెక్టులు, ప్రదర్శనలు, ఆటలు, క్షేత్ర పర్యటనలు. బడి వసతుల కోసం ఊరిని కదిలించడం, పిల్లల్లో సామాజిక అవగాహన, జాతీయ సమైక్యత పెంచడం ఇందులోకి వస్తాయి.

గమనించారా? పదో తరగతి పాస్ శాతం ఒక్కటే చూసి ఇచ్చే పురస్కారం కాదిది. గిరిజన తండాలో ఏకోపాధ్యాయ బడి నడిపే టీచర్‌కు కూడా ఇందులో చూపించుకోవడానికి చాలా ఉంటుంది.

అసలు చిక్కు ఎక్కడ?

దరఖాస్తులు ఇటీవలి ఏళ్లలో జూన్ చివర తెరిచి జులైలో మూసేస్తున్నారు. దాదాపు మూడు వారాలే సమయం. సరిగ్గా అప్పుడే బడులు తెరుస్తారు. అడ్మిషన్లు, పుస్తకాల పంపిణీ, ఆన్‌లైన్ ఎంట్రీలు అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఆ హడావిడిలో కూర్చుని మూడేళ్ల కిందట చేసిన సైన్స్ మేళా ఫొటో వెతకడం ఎవరి వల్లా కాదు. పని చేసి ఉంటారు, కానీ చూపించడానికి కాగితం ఉండదు.

అందుకే ఆధారాలు ఏడాది పొడవునా దాచుకోవాలి. ఎలా రాసుకోవాలో ఒక ఉదాహరణ చూద్దాం.

ఒక టీచర్ ఇలా రాశారనుకోండి: "నేను పిల్లలకు గణితం ఆసక్తికరంగా బోధిస్తాను. వినూత్న పద్ధతులు వాడతాను." ఇందులో కమిటీ సరిచూడగలిగింది ఏమీ లేదు.

ఇంకో టీచర్ ఇలా రాశారనుకోండి: "జులైలో మూడో తరగతిలో 18 మందికి బేస్‌లైన్ పెడితే, రెండంకెల తీసివేత 7 మందికే వచ్చింది. అప్పు తెచ్చుకునే దగ్గర తడబడుతున్నారని గమనించాను. అగ్గిపుల్లలు పదేసి కట్టలు కట్టి, కట్ట విప్పి తీసివేయడం రోజూ 20 నిమిషాలు చేయించాను. డిసెంబరులో అదే స్థాయి లెక్కలు ఇస్తే 15 మంది చేశారు. మిగతా ముగ్గురిలో ఇద్దరు వలస వెళ్లి వచ్చినవారు. వాళ్లకు విడిగా చేయిస్తున్నాను." దీనికి జులై, డిసెంబరు జవాబు పత్రాలు, రెండు ఫొటోలు జతచేస్తే చాలు. ఏ కమిటీ వచ్చి అడిగినా బడిలోనే చూపించవచ్చు.

రెండో టీచర్ ఇంకా రాని ముగ్గురి గురించి కూడా రాశారు చూడండి. అందరికీ వచ్చేసిందని రాసిన దానికంటే నమ్మదగినది అదే.

ఇవి ఇప్పటి నుంచే మొదలుపెట్టండి

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. నెలకు ఒక పేజీ చాలు. ఏం చేశారు, ఏ తరగతితో, ఎంతమందితో, ఏం మారింది అని తేదీతో రాయండి.

ఫొటో తీసిన రోజే ఫోన్‌లో విడి ఫోల్డర్‌లో వేసి, నెలకోసారి ఈమెయిల్‌కు పంపుకోండి. ఫోన్ పోయినా ఫైలు ఉంటుంది.

బేస్‌లైన్, చివరి పరీక్షల జవాబు పత్రాలు కొన్ని భద్రపరచండి.

బదిలీ అయితే, రిలీవ్ అయ్యే ముందే పాత బడి హెచ్‌ఎం సంతకంతో కాపీలు తీసుకోండి.

దాతలు ఇచ్చిన వస్తువులు స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించండి. రిజిస్టర్‌లో లేని బెంచీలు దరఖాస్తులో చూపిస్తే ఇబ్బంది.

పిల్లల ఫొటోలు పెట్టేటప్పుడు వారి గౌరవం చూసుకోండి. వెనుకబడిన పిల్లల పేర్లు రాయకండి, అంకెలు చాలు.

పనితీరుకు గుర్తింపు ఇస్తే పిల్లలకు ఒరిగేదేమిటి?

ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు. మన దగ్గరే జరిగిన ఒక అధ్యయనం ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 నుంచి గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు ఈ ప్రయోగం చేశారు. 100 బడుల్లో ఒక్కో టీచర్‌కు విడిగా, ఇంకో 100 బడుల్లో టీచర్లందరికీ కలిపి, పిల్లల మార్కుల్లో వచ్చిన సగటు మెరుగుదలను బట్టి బోనస్ ఇచ్చారు. మరో 100 బడుల్లో ఏమీ ఇవ్వకుండా పోల్చి చూశారు. బోనస్ లెక్క ఎలా కడతారో టీచర్లకు ముందే చెప్పారు: సగటు మెరుగుదల 5 శాతం దాటాక, పై ప్రతి శాతానికి 500 రూపాయలు.

రెండేళ్ల తర్వాత బోనస్ ఉన్న బడుల పిల్లలు గణితంలోనూ, భాషలోనూ ముందున్నారు. బోనస్ లేని సైన్స్, సాంఘిక శాస్త్రాల్లో కూడా మెరుగయ్యారు. టీచర్ల హాజరులో తేడా కనిపించలేదు. హోంవర్క్, ప్రాక్టీసు పరీక్షలు, అదనపు తరగతులు, వెనుకబడిన పిల్లలపై శ్రద్ధ పెరిగాయని మాత్రం టీచర్లు చెప్పారు. ఈ ఫలితాలు 2011లో ప్రచురితమయ్యాయి.

జాతీయ పురస్కారం ఆ బోనస్ లాంటిది కాదు. ఇక్కడ మార్కుల లెక్క లేదు, అందరికీ వచ్చేదీ కాదు. అయినా ఆ అధ్యయనం నుంచి మనకు పనికొచ్చే విషయం ఒకటుంది: దేన్ని చూసి గుర్తిస్తారో టీచర్‌కు ముందే స్పష్టంగా తెలియాలి. జూన్‌లో సర్క్యులర్ చూసి తెలుసుకుంటే అప్పటికే ఆలస్యం.

ఎంఈఓలు, కాంప్లెక్స్ హెచ్‌ఎంలకు

వాట్సాప్ గ్రూపులో సర్క్యులర్ ఫార్వర్డ్ చేస్తే అందరికీ చేరినట్టు కాదు. రోజుకు వంద మెసేజ్‌లు వచ్చే గ్రూపులో అది కిందికి పోతుంది. ఈ నాలుగూ చేయండి.

1. కాంప్లెక్స్ సమావేశంలో పది నిమిషాలు కేటాయించి, అర్హతలు, మార్కుల పట్టిక చదివి వినిపించండి. ఇది జూన్‌లో కాదు, విద్యా సంవత్సరం మొదటి సగంలోనే జరగాలి.

2. సిగ్నల్ లేని ఊళ్ల టీచర్లకు, ఏకోపాధ్యాయ బడులకు విడిగా ఫోన్ చేయండి. పోర్టల్ తెరిచిన రోజు, మూసే తేదీ రెండూ చెప్పండి.

3. "మన మండలం నుంచి ఫలానా సార్ పెడతారు" అని ముందే తేల్చేయకండి. అర్హత ఉన్న ప్రతి ఒక్కరికీ దరఖాస్తు పెట్టే హక్కు ఉంది. ఎంపిక చేయాల్సింది కమిటీ.

4. కాంట్రాక్టు టీచర్లకు అవకాశం లేదన్న సంగతి సూటిగా చెప్పండి. ఆశతో ఫైలు తయారుచేసుకున్నాక తెలిస్తే బాధపడతారు.

తరచూ అడిగే ప్రశ్నలు

నా పేరు నేనే పంపుకోవడం గొప్పలు చెప్పుకున్నట్టు కాదా?
కాదు. 2018 నుంచి పద్ధతే అది. చేసిన పనిని ఆధారంతో చెప్పడం గొప్పలు కాదు.

మా బడిలో 12 మందే పిల్లలు. పెట్టవచ్చా?
పెట్టవచ్చు. పిల్లల సంఖ్యకు కనీస పరిమితి ఏమీ లేదు. ఆ 12 మందిలో వచ్చిన మార్పు చూపించండి.

ఇంగ్లిష్‌లో రాయడం కష్టం. ఎలా?
ముందు తెలుగులో మీ మాటల్లో రాసుకోండి. తర్వాత బడిలో ఇంగ్లిష్ టీచర్ సాయం తీసుకోండి. ఇంటర్నెట్ సెంటర్లలో దొరికే రెడీమేడ్ వాక్యాలు అతికించకండి. జ్యూరీ అడిగితే చెప్పాల్సింది మీరే.

ఎంపిక చేయిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే?
ఇవ్వకండి. దరఖాస్తుకు ఫీజు లేదు. డీఈఓ కార్యాలయానికి తెలియజేయండి, లేదా ఏసీబీ టోల్‌ఫ్రీ నంబరు 1064కు ఫోన్ చేయండి.

ఈసారి రాకపోతే?
వచ్చే ఏడాది మళ్లీ పెట్టవచ్చు. పాత ఫైలుకు ఈ ఏడాది పని కలపండి. ఎక్కడ ఆధారాలు తక్కువయ్యాయో డీఈఓ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి.

ఈ పీడీఎఫ్‌ను మీ బడి గ్రూపులో పంపండి. ప్రింట్ తీసి స్టాఫ్ రూమ్ నోటీసు బోర్డుపై అంటించండి. ఫోన్ పెద్దగా చూడని సీనియర్ టీచర్ ఎవరైనా ఉంటే, పక్కన కూర్చుని చదివి వినిపించండి.